నీటి యొడ్డున విడిది

కార్తీకమాసము రాగానే తెలుగునాట కుటుంబములు ఇండ్లు విడిచి తోటలకును చెఱువు గట్లకును పోయి వనభోజనములు చేయుట చిరకాలపు ఆచారము. ఉసిరిచెట్టు నీడను వండుకొని, తిని, పిల్లలు ఆడుకొనగా చూచి, ప్రొద్దు గ్రుంకకముందే అందఱును ఇల్లు చేరుదురు. అట్లు ఒక పూట గడుపుటకు చోటు నెన్నుకొనుట కష్టము కాదు. కాని నీటి యొడ్డున గుడారము వేసికొని రాత్రి నిదురింపవలెనన్నచో చోటు నెన్నుకొనుట ఒక విద్య యగును. రాత్రి మనము నిదురింతుము, నీరు నిదురింపదు.

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపునకు పేరొందిన పట్టణము. పెద్ద బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు సిద్ధులగుట్ట ఆ యూరికి గుర్తు. తొలకరిలో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో నుండును. సంక్రాంతి దాటినది మొదలు రైతులు దానిని త్రవ్వి, ఉడికించి, కల్లములలో ఆరబోసి, మెఱుగుపట్టించి అంగడికి తెత్తురు. పొడవైన కొమ్ములను కాడి యనియు, గుండ్రని దుంపలను గోళ యనియు అచ్చటివారు పిలుతురు. 2025లో ఆరంభమైన జాతీయ పసుపు మండలికి నిజామాబాదే ప్రధాన స్థానము. పసుపు త్రవ్వకము మొదలైనచో రైతు కుటుంబమునకు ఊపిరి సలుపదు. పైరు ఇంకను చేనిలో పచ్చగా నిలిచియుండు కార్తీకమే వారికి కొంత తీరిక దొరకు కాలము.

ఆ పట్టణములో పసుపు సాగుచేయు ఒక కుటుంబము కలదు. తండ్రి, తల్లి, ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె, ఆఱవ తరగతి చదువు కుమారుడు, పిల్లల నాయనమ్మ – వీరు ఆ యింటివారు. పిల్లలు ఆమెను అవ్వా యని పిలుతురు. ఒక కార్తీకమున పిల్లలు, "బాపూ, ఈసారి వనభోజనమునకు పోయి రాత్రి అచ్చటనే యుందము" అని పట్టుబట్టిరి. తండ్రి గుడారమును సంపాదించెను. ఏ నీటి యొడ్డునకు పోవలెనన్నదే తేలలేదు.

ఆ ప్రాంతములో నీటికి కొదువ లేదు. నిజామాబాదు చెంత 1931లో కట్టిన అలీసాగరము, దాని ప్రక్కన ఉద్యానము కలవు. కాని అది పగలు చూచి వచ్చుటకు తగినది. మంజీర నదిపై 1923 మొదలు 1931 వరకు కట్టిన నిజాంసాగరము గొప్పది. అయినను ఆర్మూరునకు దూరము. పోచారము చెఱువు అభయారణ్యములోనిది. అడవి మృగములున్న చోట అటవీశాఖ వారి అనుమతి లేనిదే రాత్రి యుండరాదు. ఇట్లు తర్కించుచుండగా, అంతవరకు ఊరకున్న అవ్వ, "పోచంపాడు నీళ్ల కడకే పోదము. మా తల్లిగారి ఊరు ఆ నీటిలోనే యున్నది గదా" అనెను. ఇక ఎవ్వరును మాఱు పలుకలేదు.

పోచంపాడు ఆర్మూరునకు ఉత్తరముగా జాతీయ రహదారి చెంత నున్నది. అచ్చట గోదావరిపై ఆనకట్టకు 1963 జూలై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. తరువాత దానికి శ్రీరామసాగరమను పేరు వచ్చినది. దానికి 42 తలుపులు కలవు. కాకతీయ, సరస్వతి, లక్ష్మి కాలువలు దాని నుండి బయలుదేఱి అనేక గ్రామములకు నీరిచ్చుచున్నవి. పూర్తిగా నిండినపుడు నీటిమట్టము సముద్రమట్టమునకు 1091 అడుగుల ఎత్తున నుండును. మొదట అందులో 112 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టునని లెక్కించిరి. గోదావరి తెచ్చు ఒండ్రుమట్టి ఏటేట అడుగున చేరుటచే ఇటీవలి కొలతలలో అది దాదాపు 80 శతకోటి ఘనపుటడుగులకు తగ్గినది. ఇంత నీటికి చోటిచ్చుటకు ఆ నాడు ఎన్నో పల్లెలు ఖాళీ చేయవలసి వచ్చెను. వానిలో అవ్వ పుట్టిన ఊరొకటి. అప్పుడామె పదునాలుగేండ్ల బాలిక.

తండ్రి తొందరపడక కాలమును గూడ విచారించెను. శ్రీరామసాగరమునకు ఎగువన మహారాష్ట్రములో బాబ్లీ ఆనకట్ట కలదు. 2013లో సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి ఏటేట జూలై 1వ తేదీ మొదలు అక్టోబరు 28వ తేదీ వరకు దాని తలుపులు ఎత్తియుంచవలెను. ఆ నెలలలో ఎగువ వరద దిగువకు వచ్చుచుండును. కావున ఆ గడువు దాటి, వానలు వెనుకపట్టిన తరువాత పోవుట మేలని అతడు నిశ్చయించెను. ఒక ఆదివారము చోటు చూచుటకును, మఱుసటి ఆదివారము రాత్రి విడిది చేయుటకును ఏర్పాటు చేసికొనిరి.

మొదటి ఆదివారము వారు ఆనకట్టను చూచి, దిగువనున్న వంతెన దాపున నిలిచిరి. నదీగర్భమున తెల్లని ఇసుక తిన్నెలు మెఱయుచుండెను. నడుమ నడుమ మోకాలిలోతు నీరు పాఱుచుండెను. "ఇంతకన్న మంచిచోటు ఎక్కడ దొరకును? పాన్పువలె నున్నది!" అని కుమారుడు క్రిందికి పరుగెత్తబోయెను. తండ్రి అతని చేయి పట్టుకొని ఆపి, ఇట్లు చెప్పెను:

"బిడ్డా! ఆనకట్టకు దిగువనున్న ఇసుక నేల కాదు. నీరు లేని వేళ కనబడు నది. తలుపులెత్తినను, విద్యుత్కేంద్రము నుండి నీరు విడిచినను, ఇక్కడ చినుకు పడకయే నీరు వచ్చును. 2014 జూన్ 8వ తేదీన హైదరాబాదు నుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశములో బియాస్ నదీగర్భమున రాళ్లపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి విడిచిన నీరు వారిని చుట్టుముట్టెను. ఇరువదినలుగురు విద్యార్థులు ప్రాణములు కోల్పోయిరి. వారు నీటిలో ఈదుటకు పోలేదు. నీరే వారి కడకు వచ్చెను."

బాలుడు మఱి మాటాడక తండ్రి వెంట పైకి నడచెను.

అచ్చటినుండి వారు జలాశయము ఎగువ ఒడ్డునకు, నందిపేట వైపునకు పోయిరి. అచ్చటి ముంపు మైదానములలో కృష్ణజింకలు తిరుగును. చలికాలమున వలసపక్షులు వ్రాలును. కనుచూపుమేర నీరు, నీటి అంచువఱకు పచ్చిక. కుమార్తెకు ఆ చోటు మిక్కిలి నచ్చెను. "గుడారపు తెఱ యెత్తగానే నీరు కనబడును" అని యామె మురిసెను.

అవ్వ పచ్చికపై కొంతదూరము నడచి, వంగి, చేతికఱ్ఱతో నేలను చూపెను. ఎండిన గడ్డిపరకలు, పుల్లలు, నత్తగుల్లలు, ఒక తెగిన వలముక్క వరుసగా ఒక గీత గీచినట్లు పడియుండెను. ఆ గీత నీటికి చాల దూరముననే యున్నది. "నీరు ఇంతవఱకు వచ్చి పోయినదని ఇది వ్రాసిపెట్టినది. దీనికి క్రిందనున్న దంతయు నీటి జాగా. నేడు ఖాళీగా నున్నదని మనము ఆక్రమింపరాదు" అని యామె చెప్పెను.

"నీరు ఒక్క రాత్రిలో ఇంతదూరము ఎట్లు వచ్చును, అవ్వా?" అని బాలిక అడిగెను. దానికి తండ్రి లెక్క చెప్పెను. ఆ మైదానము నూఱడుగుల దూరమునకు ఒక అడుగు మాత్రమే పల్లమైనదనుకొందము. అప్పుడు నీటిమట్టము ఒక అంగుళము పెరిగినచో అంచు నూఱంగుళములు, అనగా ఎనిమిదడుగులకు పైగా ముందుకు జరుగును. ఒక అడుగు పెరిగినచో నూఱడుగులు వచ్చును. ఏటవాలు గట్టుపై నీరు మెట్టు మెట్టుగా ఎక్కును. చదునైన ఒడ్డున చాపవలె పఱచుకొనును. చూపునకు మెత్తగా నున్న చోటనే మెలకువ ఎక్కువ కావలెను. పైగా ఆ పచ్చిక క్రింద నున్నది నల్లని ఒండ్రు. నీరు తగిలినచో గుడారపు మేకు నిలువదు. మనిషి కాలు మోకాలివఱకు దిగబడును.

"అట్లయిన ఎక్కడ పండుకొందుము?" అని కుమారుడు విసుగుతో నడిగెను.

అవ్వ కొడుకు వైపు తిరిగి నవ్వుచు, "కొడుకా, ఉడికిన పసుపును నీవు ఎక్కడ ఆరబోయుదువు?" అనెను.

ఆ మాటతో అతనికి దారి తోచెను. పసుపు రైతు కల్లమునకు చోటు చూచునపుడు పల్లము నెన్నుకొనడు. అకాలపు వాన వచ్చినచో నీరు నిలువక జాఱిపోవుటకు కొంచెము వాలుగల గట్టి నేలను కోరును. ఎండయు గాలియు తగులవలెను. బండి వచ్చిపోవు బాట యుండవలెను. ఉడికిన పంట తడిసినచో ఏడాది కష్టము పాడగునని అతడు ఇన్ని విధముల ఆలోచించును. పంటకై చూచినంత జాగ్రత్తతో పిల్లలు నిదురించు చోటును చూచినచో చాలును.

ఆ దృష్టితో వెదకగా, గీతకు ఎంతో పైన ఎఱ్ఱ మొరము నేలగల ఒక దిబ్బ కనబడెను. దాని మీద నీరు నిలిచిన జాడ లేదు. పల్లె బాట దానిని చేరుచున్నది. ఆ బాటకు నడుమ వాగు లేదు. కావున రాత్రి వాన వచ్చినను వెనుకకు పోవు దారి మూసికొనిపోదు. దిబ్బపై ఒక పెద్ద వేపచెట్టుండెను. దాని కొమ్మలలో ఒకటి ఎండినందున, తండ్రి గుడారమునకు దాని క్రింద గాక కొంత ఎడముగా చోటు నిర్ణయించెను. ఒంటిచెట్టు క్రింద పిడుగు భయమును ఉండును. గాలి ఈశాన్యమునుండి వీచుచుండెను. పొయ్యి గుడారమునకు గాలి వాలున నుండవలెనని, నిప్పురవ్వ బట్టపై పడరాదని తల్లి చెప్పెను. త్రాగు నీరు ఇంటినుండియే తేవలెననియు, మఱుగుదొడ్డికి నీటికి దూరముగా గుంట త్రవ్వి తరువాత పూడ్చవలెననియు కూడ ఆమెయే నిర్ణయించెను.

జలాశయపు భూమి సర్కారుది. తండ్రి నీటిపారుదల శాఖ ఉద్యోగిని కలిసి అనుమతి పొందెను. పల్లె పెద్దకును తెలియజేసెను. ఒడ్డున వల బాగుచేసికొనుచున్న ఒక గంగపుత్రుడు దిబ్బను చూచి, "మంచి చోటు. మేమును పొంగునాట తెప్పలను అక్కడికే లాగుకొందుము" అనెను. ఆ నీటిపై బ్రదుకువాని మాట విన్న పిమ్మట వారి సందేహము తీఱినది.

మఱుసటి ఆదివారము సాయంకాలమునకు గుడారము లేచెను. పిల్లలు నీటి అంచున ఒక పుల్ల నాటి వచ్చిరి. తరువాత కుమారుడు చొక్కా విప్పి, "ఒక్కమారు దిగి వత్తును" అనెను.

అవ్వ అతనిని దగ్గఱకు పిలిచి నీటి వైపు చేయి చూపెను. "అదిగో, ఆ కొంగలు వ్రాలిన చోటికి కొంచెము అవతల మా వీధి. ఆ వీధిలో మూడు బావులు. చేలలో మోటబావులు ఎన్ని యుండెనో నేను లెక్కపెట్టలేను. ఊరు విడిచినపుడు ఇంటి దూలములు, తలుపులు బండ్లకెత్తుకొని వచ్చితిమి. బావుల నెవ్వరు తేగలరు? గోడలు కూలినవి, మోళ్లు మిగిలినవి, బావులు ఒండ్రుతో సగము పూడి అక్కడనే యున్నవి. పైన నీరు అద్దమువలె సమముగా నుండును, బిడ్డా. అడుగు సమముగా నుండదు. నాకు తెలిసిన బావులకే నేను చోటు చెప్పలేను. నీవు కాలెక్కడ పెట్టుదువు?"

బాలుడు నీటిని చాలసేపు చూచెను. పిదప చొక్కా తొడిగికొని వచ్చి అవ్వ ప్రక్కన కూర్చుండెను. ఆ రాత్రి భోజనమైన తరువాత ఆమె తన వీధిలోని ఇండ్లను ఒక్కొక్కటిగా చెప్పెను. చావడి, రావిచెట్టు, గుడి, బడి – అన్నిటిని పిల్లలు చీకటి నీటిపై ఊహించుకొనుచు వినిరి. నడిరేయి గాలి హెచ్చెను. అలల చప్పుడు దగ్గఱకు వచ్చినట్లు వినబడెను. తండ్రి ఒకమారు లేచి దీపముతో చూచి, గుడారపు మేకులు కదలలేదని తెలిసికొని మరల పండుకొనెను.

తెల్లవాఱగానే పిల్లలు పుల్లకొఱకు పరుగెత్తిరి. అంచున నాటిన పుల్ల నీటిలో నిలిచియుండెను. ఒడ్డునుండి దానికి పండ్రెండడుగుల దూరము. బాలిక ఇసుకపై వ్రేలితో లెక్క వేసెను: పండ్రెండడుగులు నూటనలువదినాలుగు అంగుళములు, దానిని నూఱుతో భాగింపగా ఒకటిన్నర అంగుళమైనను లేదు! గాలి త్రోసిన నీరు అంతమాత్రము లేచినందుకే, తాను మొదట కోరిన చోట గుడారము తడిసి యుండునని ఆమెకు అర్థమయ్యెను.

తల్లి పొయ్యిలోని నిప్పును నీటితో నార్పి, బూడిదపై మట్టి కప్పెను. పిల్లలు చిన్న కాగితపు ముక్కను గూడ విడువక ఏరిరి. అవ్వ కొంగుముడి విప్పి, తమ చేనిలో పండిన పసుపును పిడికెడు తీసికొని నీటి అంచునకు పోయెను. ఆడపడుచు తల్లిగారింటికి పోయినచో వారు పసుపు కుంకుమలిచ్చి సాగనంపుట ఆచారము. ఇచ్చువారు లేని ఆ యూరికి ఆడపడుచే పసుపు తెచ్చినది. ఆమె దానిని మెల్లగా నీటిలో విడిచి, ఒక క్షణము నిలిచి, వెనుకకు తిరిగెను. మనుమరాలు ఎదురుగా వచ్చి ఆమె చేయి పట్టుకొని, పుల్లలు నత్తగుల్లలు గీచిన ఆ గీతను దాటించి, దిబ్బ మీదికి నడిపించెను.