కేన్సర్ పరిశోధనకు నీట్ ఒక్కటే దారి కాదు

‘మా అమ్మాయికి కేన్సర్ మీద రీసెర్చ్ చేయాలని ఉంది, అందుకే నీట్ లాంగ్‌టర్మ్‌లో చేర్పించాం’ అంటారు తల్లిదండ్రులు. ఆ పిల్లకు ఉన్న ఆసక్తి ఒకటి, మీరు కట్టిన ఫీజు మరొకదానికి.

ఆ పరిశోధన ఎలా ఉంటుందో తెలియాలంటే కణితి చుట్టూ పేరుకునే ఆమ్లం సంగతే చూడండి. మామూలు కణజాలంలో పీహెచ్ 7.4 దగ్గర ఉంటే, చాలా గట్టి కణితుల్లో కణాల బయట 6.5 దాకా పడిపోతుంది. ఆక్సిజన్ అందుతున్నా కేన్సర్ కణం గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుందని శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. ఆ ఆమ్లాన్ని కణం బయటికి తోసేస్తుంది. దాంతో చుట్టుపక్కల రోగనిరోధక టీ కణాలు మందగిస్తాయి. డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందు బలహీన క్షారం. ఆమ్లంలో ప్రోటాన్‌ను పట్టుకుని విద్యుదావేశం పొందుతుంది, కణం కొవ్వుపొరను దాటడం దానికి కష్టమవుతుంది. దీని పునాది ఇంటర్ ఫస్టియర్ ఆమ్లాలు-క్షారాల పాఠమే! కోచింగ్‌లో బిట్ల కోసం బట్టీ పట్టించేది దీన్నే. అది అర్థమైన పిల్లలు, ఆల్కలైన్ నీళ్లు తాగితే కేన్సర్ తగ్గుతుందనేవాళ్లను నమ్మరు. రక్తం పీహెచ్‌ను 7.35-7.45 మధ్య ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కాపాడతాయి. తాగే నీళ్లు కాదు.

రోగికి స్వయంగా వైద్యం చేయాలనుకుంటే ఎంబీబీఎస్ చదవాల్సిందే. ప్రయోగశాల మీద మనసున్న పిల్లను మూడోసారి నీట్‌కు కూర్చోబెట్టడం మాత్రం అన్యాయం. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో రెండేళ్లు హాస్టల్ గదిలో ర్యాంకుల భయంతో గడిస్తే, ప్రశ్న అడిగే అలవాటే పోతుంది. పరిశోధనకు పెట్టుబడి ఆ అలవాటే.

నేనైతే ముందు సైన్స్ విద్య, పరిశోధన కలిసి ఉండే తిరుపతి ఐసర్ వైపు చూడమంటాను. అక్కడ చేరడానికి ఇంటర్ సైన్స్ చదివినవారు ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో గణితం కూడా ఉంటుంది కాబట్టి బైపీసీ పిల్లలు ముందే మొదలుపెట్టాలి. అక్కడ సీటు రాకపోతే కెమిస్ట్రీ లేదా బయోకెమిస్ట్రీతో మంచి బీఎస్సీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ చాలు. బయోటెక్ పేరు చూసి మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోయకండి. డబ్బు కట్టించుకుని ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చేతిలో పెట్టే సంస్థల జోలికీ వెళ్లకండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అడిగేది మీరు చేసిన ప్రయోగం గురించి.

ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే హైదరాబాద్ సీసీఎంబీ, నవీ ముంబయిలోని యాక్ట్రెక్ లాంటి పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. 2023లో పెంచిన ఫెలోషిప్ మొదట నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఆ తర్వాత ఉద్యోగానికీ ఓపిక పట్టాలి. ఈ లెక్క ఇంట్లో ఇప్పుడే, పిల్లల ముందే మాట్లాడుకోండి.