గోల్‌కీపరు శిల్పి అయిన కథ

తిరుత్తణి కొండను కింద నిలిచి చూసేవారికి దాని ఎత్తు కంటికి మాత్రమే తెలుస్తుంది. మెట్లెక్కినవారికి అది కాళ్లకూ ఊపిరికీ కూడా తెలుస్తుంది. ఆట విషయమూ ఇంతే. చూసేవారికి కనిపించేది వేరు, ఆడేవారి ఒంటికి తెలిసేది వేరు. ఒంటికి తెలిసిన దానిని శిల్పంగా మలచినవాడు ఎడ్వార్డో చిల్లిదా.

చిల్లిదా 1924లో స్పెయిన్ దేశంలోని సాన్ సెబాస్టియన్ అనే సముద్రతీర నగరంలో జన్మించాడు. యౌవనంలో ఆ నగరపు పేరుపొందిన ఫుట్‌బాల్ జట్టు రియల్ సొసియెడాడ్‌కు గోల్‌కీపరయ్యాడు. పందొమ్మిదేళ్ల వయసులో మోకాలికి తీవ్రమైన దెబ్బ తగిలింది. పలుమార్లు శస్త్రచికిత్స జరిగినా మునుపటివలె ఆడలేకపోయాడు.

ఆట పోయింది. ఆట నేర్పిన చూపు పోలేదు. గోల్‌కీపరు బంతి వేగాన్నీ, దూరాన్నీ, ఎత్తునూ ఒక్క క్షణంలో అంచనా వేయాలి. చుట్టూ ఉన్న ఖాళీలో ఎటు చేయి చాచాలో ఎరగాలి. శిల్పికి కావలసినదీ స్థలకాలాల ఎరుకేనని చిల్లిదా చెప్పేవాడు.

ఆయన కొంతకాలం వాస్తుశాస్త్రం చదివి, 1948లో పారిస్ చేరి శిల్పాలు చెక్కాడు. 1951లో స్వదేశానికి తిరిగివచ్చి, ఒక కమ్మరి కొలిమిలో ఇనుముతో పని ప్రారంభించాడు. ఆయన వంచిన ఇనుము మనిషినీ పోలదు, బంతినీ పోలదు. ఇలా రూపాన్ని అనుకరించక గీత, బరువు, ఖాళీలతోనే భావాన్ని తెలిపే కళను నైరూప్య కళ అంటారు.

ఆయన ‘గాలి దువ్వెన’ అనే శిల్పాలను సాన్ సెబాస్టియన్ తీరాన నిలిపాడు. మూడు భారీ ఉక్కు శిల్పాలు బండరాళ్లలో నాటుకొని, వంపు తిరిగిన వేళ్లవలె గాలిలోకి చాచి ఉంటాయి. వాటి నడుమ గాలి వీస్తుంది, కింద అలలు విరుగుతాయి. అక్కడి ఖాళీ కూడా శిల్పంలో భాగమే. చిల్లిదా 2002లో మరణించాడు.

తిరువళ్లూరులో కబడ్డీ ఆడే పిల్లవాడు తనను పట్టవచ్చే చేతుల నడుమ ఖాళీని ఒంటితోనే కనిపెట్టి తప్పించుకొంటాడు. మనిషి బొమ్మ వేయకుండా ఆ క్షణాన్ని గీతలలో చూపగలిగితే, అదీ నైరూప్య చిత్రమే.

అభ్యాసం

1. చిల్లిదా ఆటను ఎందుకు విడిచిపెట్టాడు?
2. గోల్‌కీపరుకూ శిల్పికీ గల పోలిక ఏది?
3. మీరు ఆడే ఆటలోని ఒక క్షణాన్ని మనిషి బొమ్మ లేకుండా గీయండి. ఏ గీత దేనిని తెలుపుతుందో ఐదు వాక్యాలలో రాయండి.