ఉట్టి కట్టండి, కోప్పడకండి

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియని తెలుగువాడు ఉండడు. పిల్లిని పెంచమని రాయలవారు పాలకోసం ఆవును కూడా ఇస్తే, ఆయన మొదటిరోజే పొగలు కక్కే పాలు దాని ముందు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనబడితే చాలు, పరుగు లంకించుకుంది. నవ్వుకోవడానికి బాగుంది గానీ, పిల్లికూనను తెచ్చుకున్నవాళ్లకు అందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. భయం ఒక్క దెబ్బకే అంటుకుంటుంది. ఎక్కడ అంటుకుంటుందన్నది మాత్రం మన చేతిలో ఉండదు. సోఫా గోకిందని వీపు మీద ఒక్కటి వేశారనుకోండి, అది మీ చేతిని చూసి భయపడుతుంది. మీరు బజారుకెళ్లగానే సోఫా పని నిక్షేపంగా కొనసాగిస్తుంది.

అందుకే కొట్టడం, తప్పుచేసిన చోట ముక్కు రాయడం, మొహాన నీళ్లు చిమ్మడం ఇవాళే మానేయండి. వీటివల్ల కూన మంచం కింద దూరడం తప్ప ఏమీ నేర్చుకోదు.

మరి ఎలా నేర్చుకుంటుంది? ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1898లో ప్రచురించిన ప్రయోగాలు ఇందుకు ఇప్పటికీ పనికొస్తాయి. ఆకలిగా ఉన్న పిల్లిని చెక్కపెట్టెలో పెట్టి, తిండి బయట ఉంచేవాడు. పిల్లి గోకేది, కొరికేది, సందుల్లోంచి కాలు చాపేది. ఎప్పుడో అనుకోకుండా గడియ ఊడి తలుపు తెరుచుకునేది. అదే పెట్టెలో మళ్లీ మళ్లీ పెడుతుంటే పనికిరాని చేష్టలు ఒక్కొక్కటే తగ్గిపోయి, గడియ తీసే పని మిగిలేది. లాభం దక్కిన పని నిలబడుతుంది, దక్కనిది జారిపోతుంది.

మన ఇళ్లలో ఈ సూత్రం తలకిందులుగా నడుస్తుంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి కూన మ్యావుమంటుంది. నిద్ర చెడిపోతోందని విసుక్కుంటూనే లేచి గిన్నె నింపుతాం. అరిస్తే అన్నం వస్తుందని మనమే దానికి నేర్పామన్నమాట. మానిపించాలంటే ఆ వేళ లేవకండి. మొదట్లో ఇంకాస్త గట్టిగా అరుస్తుంది, తప్పదు. ఆ రోజు గనక మీరు లొంగారో, గట్టిగా అరిస్తేనే పనవుతుందని నేర్చుకుంటుంది. పిల్లికి సహజంగా ఉషారు వచ్చేది ఉదయం సందెవేళ, సాయంత్రం సందెవేళ. కాబట్టి పడుకోబోయే ముందు బాగా అలిసేదాకా ఆడించి, ఆ తర్వాత తిండి పెట్టండి. వేట, భోజనం, నిద్ర అన్న వరుస దాని ఒంట్లోనే ఉంది.

ఇక హద్దుల సంగతి. ‘పిల్లి శాపాలకు ఉట్టి తెగిపడదు’ అన్నారు పెద్దలు. ఆ కాలం ఇల్లాలు పిల్లికి నీతులు చెబుతూ కూర్చోలేదు; పెరుగుకుండను దూలానికి వేలాడదీసి తన పని చూసుకుంది. ఈ రోజుల్లో మనకు కావలసిందీ ఆ తెలివే. కూన వంటగట్టు ఎక్కేది రెండింటికోసం: వాసన, ఎత్తు. చేపలు కడిగిన గట్టును వెంటనే తుడిచి, గిన్నెల మీద మూతలు పెడితే మొదటిది పోతుంది. కిటికీ పక్కన పొడవాటి స్టూలో అరో ఏర్పాటు చేసి, అక్కడికెక్కినప్పుడల్లా చిన్న చికెన్ ముక్క పెడితే రెండోదానికీ దారి దొరుకుతుంది. గట్టెక్కితే అరవకుండా ఎత్తి కిందికి దించండి, అంతే.

గోకడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఇళ్లలో ఎక్కువ గొడవలు దీని దగ్గరే కాబట్టి. పిల్లి గోళ్ల పైపొర అప్పుడప్పుడూ పెచ్చులా ఊడుతుంది, అందుకు గోకాలి. పంజాల్లో వాసన గ్రంథులుంటాయి; గోకినచోట ‘ఇది నాది’ అని రాసి పెట్టినట్టే. పైగా నిద్ర లేవగానే ఒళ్లు విరుచుకోవడానికీ అదే సాధనం. ఇన్ని అవసరాలున్న పనిని మాన్పించలేం, చోటు మార్చగలం. ఒక చెక్క దుంగకు కొబ్బరితాడో గోనెసంచో బిగించి చుట్టండి. పెద్దయ్యాక కూడా ముందుకాళ్లు పూర్తిగా చాచేంత ఎత్తుండాలి. ఊగిందంటే దాని మొహం కూడా చూడదు, కాబట్టి అడుగు బరువుగా ఉండాలి. దాన్ని ఎక్కడో మూల దాచకుండా, కూన గోకుతున్న సోఫా చేతి పక్కనే నిలబెట్టండి. సోఫాకు కొన్నాళ్లు మందపాటి దుప్పటి కప్పండి. దుంగను గోకిన క్షణంలోనే మెచ్చుకోలుగా ఓ ముక్క అందాలి. ఫ్రిజ్ దాకా వెళ్లొచ్చి ఇస్తే, ఎందుకిచ్చారో దానికి అర్థం కాదు.

కొరకడంలో మాత్రం తప్పు మనదే. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో కూన తోబుట్టువులతో కుస్తీపడుతూ నేర్చుకుంటుంది. ఎనిమిది వారాలైనా నిండకుండా తల్లి నుంచి విడదీస్తే ఆ చదువు సగంలో ఆగిపోతుంది. మనం చేతివేళ్లు ఆడిస్తూ మిగతా సగం కూడా పాడుచేస్తాం. ఆట శృతిమించే ముందు కూన చెప్పే చూస్తుంది: కంటిపాపలు నల్లగా విచ్చుకుంటాయి, తోక కొస టపటపలాడుతుంది, చెవులు పక్కకు వాలతాయి, వెనకభాగం అటూఇటూ ఊగుతుంది. అప్పుడే కర్రకు కట్టిన ఈక అందించండి. అప్పటికే పట్టేస్తే చెయ్యి లాక్కోకండి; పారిపోయేది వేటే అని దానికి పుట్టుకతో తెలుసు. చెయ్యి కదపకుండా వదులు చేసి, లేచి వెళ్లిపోండి. ఆట ఆగిపోవడమే దానికి పెద్ద శిక్ష.

మరుగు అలవాటు సులువు. వెడల్పాటి, గట్టు తక్కువున్న టబ్బులో ఇసుక పోసి, తిండిగిన్నెకు దూరంగా పెట్టి, తిన్నాకా నిద్రలేచాకా కూనను అందులో దించితే చాలు. రోజూ శుభ్రం చేయండి, ఫినాయిల్‌తో మాత్రం వద్దు. అది పిల్లులకు విషం. బీరువాలోని కలరా ఉండలు, మన పారాసిటమాల్ బిళ్లలు కూడా అంతే. మల్లెపూల దండ దారం మరీ ప్రమాదం: పిల్లి నాలుక మీది ముళ్లు వెనక్కి తిరిగి ఉంటాయి, నోట పడ్డ దారాన్ని ఉమ్మలేక మింగేస్తుంది, అది పేగుల్ని కోస్తుంది.

ఇన్నీ చేసినా ఒక్కచోట దెబ్బతింటాం: భోజనాల బల్ల దగ్గర. నాన్న వద్దంటాడు, అమ్మ చూడనట్టుంటుంది, “పాపం, ఒక్క ముక్కేగా” అంటూ నాయనమ్మ కింద పడేస్తుంది. ఎప్పుడో ఒకసారి దొరికే తాయిలం రోజూ దొరికేదానికన్నా మొండి అలవాటు చేస్తుంది. లాటరీ టికెట్లు అలాగే అమ్ముడుపోతాయి. నాయనమ్మను కాదనడం కన్నా ఆవిడకే అధికారం ఇవ్వడం మేలు. అందరి భోజనాలూ అయ్యాక కూన గిన్నెలో, కూన చోట, ఆవిడ చేత్తోనే పెట్టించండి. ఉప్పూ కారం, ఉల్లీ వెల్లుల్లీ లేనిదై ఉండాలి.

చిన్నప్పుడే రోజూ కాసేపు పంజాలు, చెవులు, నోరు ముట్టుకుంటూ ఉండండి. రేపు గోళ్లు కత్తిరించాలన్నా, డాక్టరు సూది వేయాలన్నా గొడవుండదు. మూడో నెలలో రేబిస్ టీకా గురించీ, అయిదారు నెలలప్పుడు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించీ ఆయన్నే అడగండి. ఇంట్లో అక్కడక్కడా మూత్రం చిమ్మే అలవాటు ఆ ఆపరేషన్‌తో చాలామటుకు రాకుండా పోతుంది. అన్నీ బుద్ధిగా చేస్తున్న పిల్లి ఉన్నట్టుండి టబ్బు బయట పోస్తోందంటే పొగరని తిట్టకండి, మూత్రనాళంలో ఇబ్బంది కావచ్చు. మగపిల్లి ముక్కుతూ కూర్చుని చుక్క కూడా రావడం లేదంటే రేపటిదాకా ఆగకుండా ఆ పూటే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.