తిరిగొచ్చే టెంటు కొనుక్కో

చిరంజీవి లహరికి,

 

నాలుగు పేజీల ఉత్తరంలో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం గురించి అంత సంబరంగా రాసి, ఆఖర్న ఒక్క వాక్యం పడేశావు. నలుగురు స్నేహితురాళ్లూ కలిసి ముప్పై పౌండ్లు పెట్టి ఒక టెంటు కొంటారట, ఐదు రాత్రులు అందులో పడుకుని సోమవారం పొద్దున్న దాన్ని అక్కడే వదిలేసి బస్సెక్కేస్తారట. అదే ఉత్తరం చదివి మీ అమ్మ అర్ధరాత్రి పాటలకీ, లక్షల జనానికీ బెంగపెట్టుకుంది. నా బెంగ మాత్రం ఆ ఆఖరి వాక్యం మీదే. వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు తల్లీ. టికెట్టు దొరకడమే అదృష్టమంటున్నావు కాబట్టి హాయిగా వెళ్లు. మీ నాన్నకు నచ్చజెప్పే పని నాకొదిలెయ్. మన ఇంట్లో ఎవరు ఎప్పుడు మెత్తబడతారో నీకూ నాకూ తెలిసిందే. కాకపోతే కొనే ముందు నా వాదన ఒక్కటి విను. మంచి టెంటుకు పరీక్ష సోమవారం పొద్దున్నే. నువ్వు మడిచి, భుజాన వేసుకుని, ఇంటికి తెచ్చుకోగలిగిన టెంటే ఆ ఐదు రాత్రులూ నిన్ను పొడిగా పడుకోనిస్తుంది. ఈ రెండూ వేరువేరు గుణాలని అనుకుంటారు. నాకు ఒకటే గుణంలా కనిపిస్తున్నాయి, ఎందుకో చెబుతాను.

ముందు ఆ చోటు ఎలాంటిదో గుర్తుపెట్టుకో. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో పిల్టన్ ఊరి దగ్గరున్న వర్దీ ఫార్మ్ పాడిపశువుల పొలం. 1970 సెప్టెంబరులో మైకేల్ ఈవిస్ అనే రైతు మొదటిసారి అక్కడ ఉత్సవం పెట్టినప్పుడు టికెట్టు ఒక పౌండు, దాంతోపాటు పొలం పాలు ఉచితం. ఇప్పుడు అదే పచ్చికలో రెండు లక్షల మందికి పైగా దిగుతారు. జూన్ ఆఖరు వేసవే అయినా అక్కడి వేసవికి మాట మీద నిలకడ లేదు. 2005లో శుక్రవారం పొద్దున ఉరుములతో కురిసిన వానకు పల్లపు చోట్ల వేసిన టెంట్లు నీళ్లలో మునిగాయి. 2016లో బురద ఎంతలా ఉందంటే కార్లు లోపలికి రావడమే గగనమైంది. వాన లేకపోయినా తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల దగ్గరికి దిగగలదు. ఒక రాత్రి తడిస్తే మర్నాడు ఇంట్లోలా ఆరబెట్టుకుని పడుకునే వీలుండదు. బుధవారం రాత్రి తడిసిన పరుపు ఆదివారం రాత్రి దాకా తడిగానే ఉంటుంది. ఒక్క రాత్రికి సరిపోయే టెంటు ఐదు రాత్రులకు చాలదని నేననేది అందుకే.

ఇక నేల సంగతి. టెంటు కొనేవాళ్లంతా పైకప్పు చూస్తారు. పడుకునేది మాత్రం నేల మీద. గుడ్డ నీటిని ఎంత ఆపుతుందో కొలిచే పద్ధతి తేలికైనదే. బిగించిన గుడ్డ మీద నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతారు. ఎంత ఎత్తు నీటి స్తంభానికి చుక్కలు దిగడం మొదలవుతుందో అన్ని మిల్లీమీటర్లని పెట్టె మీద వేస్తారు. దాన్నే హైడ్రోస్టాటిక్ హెడ్ అంటారు. 1500 ఉంటే వాటర్‌ప్రూఫ్ అనడం బ్రిటన్‌లో వాడుక, పైకప్పు మీద పడే వానకు అది చాలు. నేల మీద పడేది నీ మోకాలు. నా లెక్కల పిచ్చి నీకు తెలిసిందే కనక కాసేపు భరించు. నీ బరువు 55 కిలోలనుకుందాం, అంతకంటే తగ్గావంటే మీ అమ్మతో చెబుతాను. జిప్పు తీసి మోకాళ్ల మీద లోపలికి వచ్చేటప్పుడు నేలకు తగిలే చోటు సుమారు వంద చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు అరకిలో పైమాట. అది ఐదున్నర మీటర్ల నీటి స్తంభంతో సమానం, టెంటు వాళ్ల భాషలో 5500. పడుకున్నప్పుడు అదే బరువు నాలుగు వేల చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటే 150 కూడా రాదు. తడినేల మీద మోకాలు ఆన్చిన చోటా, మోచేయి మోపిన చోటా నీళ్లు పైకి ఊరేది ఇందుకే. కాబట్టి పెట్టె మీద నేల అంకె విడిగా వెతుకు. 3000కు తగ్గితే ముట్టుకోకు, 5000 ఉంటే సంతోషం. గుమ్మం దగ్గర మందపాటి మ్యాట్ ముక్క ఒకటి వేస్తే మోకాలి బరువు దాని మీద పరుచుకుంటుంది. కింద అదనంగా ప్లాస్టిక్ షీటు వేస్తే దాని అంచు టెంటు కంటే ఒక జానెడు లోపలికే ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిందంటే కప్పు మీద నుంచి జారే నీళ్లన్నీ పట్టి తెచ్చి నీ వీపు కింద చేరుస్తుంది. వేసే ముందు పుల్లలూ రాళ్లూ ఏరెయ్. పల్లంలో ఎంత చదునుగా కనిపించినా వెయ్యొద్దు. సరే, నేల గురించి ఇక చాలు.

అయితే కొన్ని రాత్రులు వానే ఉండదు, అయినా లోపల చుక్కలు కారతాయి. నిద్రలో మనిషి ఊపిరితోనూ చెమటతోనూ ఒక గ్లాసుడు నీటిని గాలిలోకి వదులుతాడు. నలుగురైతే నాలుగు గ్లాసులు. ఆ ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. ఒకే పొర ఉన్న చవక టెంటులో అది నేరుగా మీ ముఖాల మీద పడుతుంది, మీరేమో టెంటుకు చిల్లు పడిందనుకుంటారు. రెండు పొరలుంటే బయటి పొర మీద పట్టిన నీరు లోపలి పొరకు తగలకుండా పక్కలకు జారి కిందికి పోతుంది. పైన గాలి పోయే కిటికీ ఉంటే ఇంకా మేలు. వాన పడుతోందని దాన్ని మూసెయ్యకండి. బయటి పొర నేల దాకా దిగాలి, గుమ్మం ముందు బూట్లు విప్పుకునేంత వసారా ఉండాలి. బురద బూట్లు లోపలికొస్తే మళ్లీ నేలే తడుస్తుంది, చూశావా!

నలుగురికి నలుగురి టెంటు చాలదా అంటావు. పెట్టె మీద వేసే అంకె పక్కపక్కన పడుకోబెడితే ఎంతమంది పడతారో లెక్కకట్టి వేసింది. అందులో సంచులు లేవు, తడి జాకెట్లు లేవు, నిద్రలో పక్కకు తిరగడమూ లేదు. మరీ పెద్దది, ఆరుగురిది తీసుకుంటే చాలావాటి బరువు పది కిలోలు దాటుతుంది. కాసిల్ కారీ స్టేషన్ నుంచి ఉచిత బస్సులున్నా, బస్సు దిగాక గేటు దాటి చోటు వెతుక్కునేదాకా మోత మీదే. పైగా గుడారాలు ఒకదాన్నొకటి రాసుకునే ఆ పొలంలో ఆలస్యంగా వెళితే అంత వెడల్పు చోటు దొరకదు. నా మాట వింటే నలుగురూ రెండు టెంట్లు తీసుకోండి, ముగ్గురి టెంటులో ఇద్దరు చొప్పున. నాలుగు కిలోల టెంటును ఇద్దరు పంచుకుంటే తలకు రెండు కిలోలు. గుడ్డ ఒకరి సంచిలో, కర్రలూ మేకులూ ఇంకొకరి సంచిలో. ఒకటి దెబ్బతింటే రెండోది ఆదుకుంటుంది. ఆకారంలో గుమ్మటం లాంటిది మేలు. రెండు కర్రలు అడ్డంగా దాటుకుని వంగేవి తమంతట తామే నిలబడతాయి, తాళ్లు తక్కువ చాలు. తాళ్లు తక్కువైతే అర్ధరాత్రి దారిన పోయేవాళ్ల కాళ్లు తగలడమూ తక్కువే.

విసిరేస్తే దానంతటదే విచ్చుకునే పాప్-అప్ టెంటు సంగతి నీ స్నేహితురాలు అడిగిందని రాశావు. ఆటసామాన్లమ్మే డెకాథ్లాన్ వాళ్ల కెచువా బ్రాండు 2005లో తెచ్చిన ‘టూ సెకండ్స్’ టెంటుతో ఈ రకం బాగా పేరుపడింది. దాని సుగుణం నేను కాదనను. వానలో దిగిన మనిషికి రెండు నిమిషాల్లో గూడు దొరకడం చిన్న విషయం కాదు, రెండు పొరలున్నవీ దొరుకుతున్నాయి. కానీ మడిచాక చాలా పాప్-అప్‌లు ఇంచుమించు మీటరు వెడల్పున గుండ్రటి పళ్లెంలా తయారవుతాయి. బస్సులో అది ఎక్కడా ఇమడదు. సంచి వెనక కట్టుకుంటే గాలికి నిన్ను లాగుతుంది. సోమవారం పొద్దున, నిద్రలేని కళ్లతో, తడి గుడ్డను ఎనిమిది ఆకారంలో మెలితిప్పి సంచిలో దూర్చడమంటే విచ్చడమంత తేలిక కాదు. తేలిగ్గా వేసి తేలిగ్గా తియ్యలేనిది వదిలెయ్యాలనే బుద్ధి పుట్టిస్తుంది. కారులో వెళ్లేవాళ్లయితే అదే కొనమనేవాణ్ణి. మీరు బస్సులో వెళ్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వదిలేస్తే ఎవరో పేదలకు ఇస్తారు కదా అని రాశావు. నీ మనసు మంచిదే బంగారం, లెక్కే కుదరడం లేదు. బ్రిటన్ పండగల్లో ఏటా సుమారు రెండున్నర లక్షల టెంట్లు వదిలేస్తున్నారని స్వతంత్ర ఉత్సవ నిర్వాహకుల సంఘం 2019లో అంచనా వేసింది. ఒక్కో టెంటు సగటున మూడున్నర కిలోలు, అందులో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. 8,750 ప్లాస్టిక్ స్ట్రాలతో సమానమని వాళ్ల లెక్క. టెంట్లను ఒక్కసారి వాడి పారేసే సరుకుగా అమ్మకండని దుకాణాలను అడిగింది కూడా వాళ్లే. బురదలో నలిగి, కర్ర విరిగి, తడిగా ముద్దచుట్టిన టెంట్లలోంచి స్వచ్ఛంద సంస్థల వాళ్లు పనికొచ్చేవి ఎన్ని ఏరగలరు? పాలియెస్టరు, ఫైబర్‌గ్లాస్, జిప్పులూ కలిసిన వస్తువును విడదీసి మళ్లీ వాడుకోవడం కష్టం, అందుకే మిగిలినవి చెత్తకే పోతాయి. పైగా అది ఆవులు మేసే నేల. పచ్చికలో ఉండిపోయిన మేకు ఆవు నోట్లోకి వెళ్లిందంటే దాని కడుపులోనే గుచ్చుకుని కూర్చుంటుంది. రెండు లక్షల మందిని మార్చలేం అంటావేమో. మార్చారు మరి. 2019 ఉత్సవం ముగిశాక 99.3 శాతం టెంట్లు ఇళ్లకు వెళ్లాయని మైకేల్ ఈవిస్ కూతురు ఎమిలీ ఈవిస్ చెప్పింది. అంత మంది మోసుకెళ్లిన చోట నువ్వు వదిలేసి వస్తానంటే నాకు ఒప్పుదల లేదు.

ఒక అభ్యంతరానికి మాత్రం నా దగ్గర నిజంగానే బలం తక్కువ, అది డబ్బు. చదువుకునే పిల్లకు వంద పౌండ్ల టెంటు పెద్ద మాటే. అందుకని మొదటి సలహా కొనమని కాదు, అడగమని. మీ యూనివర్సిటీలో కొండలెక్కే పిల్లల సంఘం ఏదైనా ఉందేమో కనుక్కో, ఉంటే అద్దెకిస్తారేమో అడుగు. నీకంటే ముందు వెళ్లిన మన తెలుగు పిల్లల దగ్గర అటక మీద ఒకటి ఉండకపోదు. వాడినది సగం ధరకు దొరికితే కొనుక్కో. అయితే ఇంట్లో ఒకసారి పూర్తిగా వేసి, జిప్పులన్నీ లాగి, నేల అంతా చేత్తో తడిమి చూశాకే డబ్బివ్వు. లోపలి పూత జిగటగా అంటుకుంటే తిరిగిచ్చెయ్, తడిగా మడిచి పెట్టిన టెంటు అది. కొత్తదే కొనాల్సివస్తే వంద పౌండ్లు నాలుగు వేసవులకు పంచు. ముప్పై పౌండ్లది ఏటా కొత్తగా కొంటే నాలుగేళ్లకు నూట ఇరవై అవుతుంది, పైగా నాలుగేళ్లూ తడిసి పడుకోవాలి. నీ వాటాలో సగం నేను పంపుతాను. మీ నాన్నకు చెప్పకు.

మిగిలినవి చిన్నవి. అక్కడ జూన్‌లో ఐదింటికల్లా సూర్యుడు వస్తాడు. వెలుగు రానివ్వని నల్లగుడ్డ టెంట్లున్నాయి, బరువూ ధరా ఎక్కువే. రెండు పౌండ్ల కంటిపట్టీ ఆ పని చేస్తుంది. గుమ్మానికి తాళం వెయ్యొద్దు, లోపల విలువైనదేదో ఉందని చాటినట్టవుతుంది. పాస్‌పోర్టు గదిలోనే వదిలి వెళ్లు. పొయ్యి గానీ బొగ్గుల బార్బెక్యూ గానీ, చల్లారిందనిపించినా సరే, లోపలికి తేవద్దు. దాని విషవాయువుకు వాసన ఉండదు. ఈ ఒక్క మాటలో నేను బతిమాలడం లేదు, ఆజ్ఞాపిస్తున్నాను. ఇంటికి వచ్చిన రోజే టెంటును తలుపు మీదో కుర్చీల మీదో ఆరబెట్టు. ముందు నేల ఆరనియ్యి, అది అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతుంది.

కొనే ముందు నాకు నాలుగు అంకెలు రాసి పంపు: మొత్తం బరువు, మడిచాక పొడవు, పైకప్పు మిల్లీమీటర్లు, నేల మిల్లీమీటర్లు. నాలుగోది లేకుండా వచ్చిన ఉత్తరానికి జవాబివ్వను. ఏ పాట విన్నావో, ఎవరితో గొంతు కలిపావో తర్వాత తీరిగ్గా రాయి, పెద్దమ్మ చదివించుకుంటానంటోంది. వేళకు తిను. చలికి స్వెట్టరు మరిచిపోకు.

ఇట్లు,
మీ పెదనాన్న