కొత్త వాచీ అలవాట్లు

రాజమండ్రి

సుధా,

నీ వాచీ ఫొటోలు, వాటి కింద నువ్వు రాసిన ఫిర్యాదులు అన్నీ చూశానమ్మా. రోజుకు ఇరవై సెకన్లు ముందుకు పోతోందనీ, చెయ్యి ఊపితే లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు వస్తోందనీ, పన్నెండు దాటినా తేదీ మారలేదనీ, అర్ధరాత్రి వారం పేరు వేరే భాషలో కనిపించిందనీ రాశావు. షాపుకి తిరిగిచ్చెయ్యనా అని అడిగావు. వద్దు. ఇందులో ఒక్కటీ జబ్బు కాదు. అయితే అసలు జబ్బు ఎలా ఉంటుందో కూడా నీకు తెలియాలి. అది ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలేది కాదు, అందుకని ఉత్తరం రాస్తున్నాను.

మొదట ఇరవై సెకన్ల సంగతి. ఇన్నాళ్లూ నువ్వు పెట్టుకున్నవి బ్యాటరీ వాచీలు. వాటి లోపలి క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. నెలంతా కలిపినా పది పదిహేను సెకన్లకు మించి తేడా రాదు. ఇప్పుడు నువ్వు కొన్నది సీకో 5. అందులోని 4ఆర్36 మిషన్లో కాలాన్ని కొలిచేది ఒక చిన్న బ్యాలెన్సు చక్రం, దాన్ని అటూ ఇటూ లాగే సన్నటి హెయిర్‌స్ప్రింగు. ఆ చక్రం కొట్టుకునేది గంటకు 21,600 సార్లు. రోజు మొత్తం మీద ఐదు లక్షల పద్దెనిమిది వేల పైచిలుకు. నీ చెయ్యి ఎలా ఊగినా, ఏసీ గదిలో ఉన్నా, ఎండలో స్కూటర్ మీద ఉన్నా అది కొట్టుకుంటూనే ఉండాలి. రోజుకు ఇరవై సెకన్లంటే డెబ్బై రెండు నిమిషాలకు ఒక్క సెకను. కంపెనీ ఈ మిషన్‌కి పెట్టుకున్న హద్దే రోజుకు 45 సెకన్లు ముందుకు, 35 సెకన్లు వెనక్కి. స్విట్జర్లాండులో పరీక్ష పెట్టి క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే ఖరీదైన మిషన్లకు కూడా రోజుకు సగటున ఆరు సెకన్లు ముందుకు, నాలుగు సెకన్లు వెనక్కి పోయే వెసులుబాటు ఉంది.

నా మటుకు నాకు తేడా ఎంతన్నదాని కంటే నిలకడ ముఖ్యం. రోజూ ఇరవై సెకన్లు ముందుకు పోయే వాచీని నేను నమ్ముతాను. ఇవాళ రెండు సెకన్లు ముందుకు, రేపు నలభై వెనక్కి, ఎల్లుండి సరిగ్గా నడిచే వాచీని నమ్మను. అందుకని ఓ వారం పాటు ఓ చిన్న పని చెయ్యి. రోజూ ఒకే వేళకి, పొద్దున ఎనిమిదికనుకో, ఫోన్లో టైము చూసి వాచీ ఎన్ని సెకన్లు ముందుందో ఓ పుస్తకంలో రాసుకో. మధ్యలో సరిచెయ్యకు. రాత్రి వాచీని ఎలా పెట్టి పడుకున్నావో కూడా పక్కనే రాయి: డయల్ పైకా, కీ బుడిపె పైకా, కిందికా. ఇలాంటి వాచీ ఏదైనా ఒక్కో భంగిమలో ఒక్కోలా నడుస్తుంది. కీ పైకి పెడితే నీది నాలుగైదు సెకన్లు వెనకబడుతోందని తేలిందనుకో, రాత్రిళ్లు అలాగే పెట్టు. పగలు ముందుకు పోయినదాంట్లో కొంత రాత్రి తగ్గుతుంది. మిషన్ విప్పే పనే లేదు.

నీ ఉద్యోగం గురించి కూడా ఆలోచించాను. నీది ఆటోమేటిక్ వాచీ, దానికి కీ ఇచ్చేది నీ చెయ్యే. నువ్వేమో గచ్చిబౌలిలో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుంటావు, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో వాచీ బల్ల మీదే ఉంటుంది. స్ప్రింగు నిండదు. నిండని స్ప్రింగుతో చక్రం ఊపు తగ్గుతుంది, టైము తేడా వస్తుంది, తెల్లారేసరికి ఆగిపోయినా ఆగిపోతుంది. వాచీని అనుమానించే ముందు కీ బుడిపెను పైకి లాగకుండా ముందువైపుకి ఓ ముప్పై చుట్లు నిదానంగా తిప్పు. ఎక్కువ తిప్పితే తెగిపోతుందని మీ అమ్మ అంటుంది. అది వట్టి కీ వాచీల నాటి భయం. వాటికి స్ప్రింగు నిండగానే కీ బిగుస్తుంది, అక్కడ బలవంతం చెయ్యకూడదు. ఆటోమేటిక్‌లో స్ప్రింగు చివర నిండిన తర్వాత జారేలా పెడతారు.

చప్పుడు సంగతికొస్తే, లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు బాల్ బేరింగు మీద తిరుగుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది వినపడుతుంది. గరగరమని లోహం గీసుకుంటున్నట్టుగానీ, వదులైన స్క్రూ దొర్లుతున్నట్టుగానీ వినిపిస్తేనే చూపించాలి. తేదీ చక్రం నెమ్మదిగా జరిగేది, పన్నెండు దాటాక ఇరవై నిమిషాలు పట్టినా తప్పు లేదు. వారం చక్రం మీద రెండు భాషలూ ఒకదాని తర్వాత ఒకటి అచ్చయి ఉంటాయి కాబట్టి, మారేటప్పుడు మధ్యలో రెండో భాష కనిపించి తీరుతుంది. తెల్లవారేసరికి నువ్వు పెట్టుకున్న భాషే వస్తుంది. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా తేదీని చేత్తో మార్చకు. ఆ వేళ పళ్లచక్రాలు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటాయి. బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది. ముందు ముళ్లని ఆరు దగ్గరికి దించి, ఆ తర్వాత తేదీ మార్చు. టైము పెట్టేటప్పుడు నిమిషాల ముల్లు కాస్త కదిలిందన్నావు కదా, అది పళ్ల మధ్య ఉండే సందు. ముల్లుని రెండు మూడు నిమిషాలు వెనక్కి తీసుకుపోయి, మెల్లగా ముందుకు తెచ్చి ఆపు.

ఇక జబ్బులు. నిన్నటిదాకా ఇరవై సెకన్లు పోయిన వాచీ ఉన్నట్టుండి రోజుకు ఐదారు నిమిషాలు ముందుకు ఉరికితే ముందు అయస్కాంతాన్ని అనుమానించు. నీ హ్యాండుబ్యాగు మూతకీ, ఇయర్‌ఫోన్ డబ్బాకీ, ట్యాబ్ కవరుకీ అయస్కాంతాలుంటాయి. హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైపోయినట్టే, చక్రం తొందరపడుతుంది. అలాంటి వాచీని దిక్సూచి దగ్గర పెడితే దిక్సూచి ముల్లు అదురుతుంది. ఆ అయస్కాంతాన్ని వదిలించే యంత్రం మంచి రిపేరు షాపులన్నిటా ఉంటుంది, నిమిషం పని. వెనక మూత కూడా తియ్యక్కర్లేదు.

గ్లాసు లోపల ఆవిరి పడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకు. ఎండలో పెట్టడం, బియ్యం డబ్బాలో పెట్టడం లాంటివి చెయ్యకు. ఆవిరి కనపడకుండా పోయినా తడి లోపలే ఉంటుంది, ఉక్కు ముక్కలకి తుప్పు పట్టిస్తుంది. నీళ్లకి ఎన్ని బార్ల దాకా తట్టుకుంటుందని వెనక రాసున్నా వేడినీళ్ల స్నానానికి వాచీతో వెళ్లకు. కిందపడ్డాక నడక మారినా, రోజూ ఒకే చోట ఆగుతున్నా, ముళ్లు ఒకదాన్నొకటి తాకుతున్నా వారంటీ సెంటర్‌కి తీసుకెళ్లు. నిండా కీ ఇచ్చి బల్ల మీద కదపకుండా ఉంచితే నీ వాచీ 41 గంటల దాకా నడవాలి. పాతిక గంటలకే ఆగిందంటే లోపల ఎక్కడో బరువెక్కుతోందని అర్థం.

వారంటీ ఉండగా బయట ఎవరిచేతా వెనక మూత తీయించకు. ‘రెండు వందలివ్వండి, ఆయిలేసి ఇస్తా’ అనేవాళ్ల దగ్గరికి వారంటీ అయ్యాక కూడా వెళ్లకు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కోపం ఆగదు. బ్యాలెన్సు ఇరుసు చివర మందం మిల్లీమీటరులో పదో వంతు. అది కూర్చునే ఎర్ర రాయి గుంటలో నూనె ఎంత పడాలో కంటికి లూప్, అంటే భూతద్దం, పెట్టుకుంటే గానీ తెలియదు: రాయి మధ్యన చిన్న గుండ్రటి వలయంలా మెరవాలి, అంచు దాటకూడదు. వేగంగా తిరిగేచోట పల్చటి నూనె, బరువు మోసేచోట చిక్కటిది, ప్యాలెట్ ఇరుసులకు అసలు వెయ్యకూడదు. మిషన్ మొత్తం విప్పి, కడిగి, ఆరబెట్టకుండా పాత జిడ్డు మీద కొత్త నూనె చుక్క వేస్తే ఆ జిడ్డు కరిగి చక్రాలన్నిటికీ పాకుతుంది. నా రిపేరు బల్ల మీదికి ఆ స్థితిలో వచ్చిన మంచి మంచి హెచ్ఎంటీలను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. బెంగుళూరు ఫ్యాక్టరీలో చేసిన గట్టి మిషన్లవి. సరిగ్గా కడిగి నూనె పెడితే చాలు, ఇంకా నడుస్తాయి.

వాచీ సవ్యంగా నడుస్తున్నంతకాలం ఐదేళ్ల దాకా సర్వీసింగ్ ఊసెత్తకు. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు వాచీ నడకని కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి చూపించమను. నిండా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు చక్రం ఊపు 250 డిగ్రీల చుట్టుపక్కలో, ఆపైనో ఉంటే మిషన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. 200 కిందికి దిగితే కడగాల్సిందే. సర్వీసు అయ్యాక మళ్లీ అదే కొలత చూపించమని అడుగు. మంచి పనివాడు ఆ మాటకి నొచ్చుకోడు.

వారంటీ కార్డు మీద షాపు ముద్ర, కొన్న తేదీ ఉన్నాయో లేదో ఇవాళే చూడు. లేకపోతే రేపే వెళ్లి వేయించు. బిల్లు అచ్చు వెలిసిపోయే కాగితం మీద ఉంటే ఫొటో తీసి దాచుకో. వారం లెక్క పూర్తవగానే ఆదివారం ఫోన్ చేసి అంకెలు చదువు, నేను ఇక్కడ రాసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న