ఎన్ని అడుగుల దూరంలో నిలబడతారు?

హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు పని చేసుకుంటూ సెలవు దొరికితే కెమెరా పట్టుకునే పిల్లలు అత్తిముగం చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నారు. చేతిలో ఉండేది ఎక్కువగా చిన్న సెన్సార్ కెనానో నికానో, దానితోపాటు పెట్టెలో వచ్చిన 18–55 జూమ్. కొన్నాళ్లు తీశాక ఒక ప్రైమ్ లెన్సు కావాలనిపిస్తుంది. జూమ్ తిప్పే పని లేకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే లెన్సు అది. 24 కొనాలా, 35 కొనాలా, 50 కొనాలా? జీతంలోంచి తీసే డబ్బు కాబట్టి ఆలోచించాల్సిందే. ఎవరినడిగినా 50 అంటారు. చవగ్గా వస్తుంది, వెనక అంతా మెత్తగా మసకబారుతుంది, చూడగానే స్టూడియో ఫొటోలా ఉంటుంది. నా మాట వేరు. మన ఇళ్లలో, తోటల్లో, సంతల్లో రోజూ తీసే ఫొటోలకు చిన్న సెన్సార్ మీద మొదటి లెన్సు 24. ఎందుకో చెబుతాను. ఒప్పుకోకపోతే మీరే కొలిచి చూసుకునే దారీ చెబుతాను.

ముందు ఒక లెక్క. చిన్న సెన్సార్ వెడల్పు సుమారు 22 నుంచి 24 మిల్లీమీటర్లు. అందుకే దాని మీద 24 లెన్సు పెడితే, మీరు ఎన్ని అడుగుల దూరంలో నిలబడతారో ఫొటోలో దాదాపు అన్ని అడుగుల వెడల్పు పడుతుంది. పది అడుగుల నుంచి తీస్తే దాదాపు పది అడుగుల గోడ. కెనాన్‌లో సెన్సార్ ఇంకాస్త చిన్నది కాబట్టి తొమ్మిదింబావు అనుకోండి. అదే చోట నిలబడి 35 పెడితే ఆరున్నర అడుగులు, 50 పెడితే నాలుగున్నర. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్లకు సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, కాబట్టి వాళ్లకు ఈ ‘ఎంత దూరమో అంత వెడల్పు’ లెన్సు 35 అవుతుంది. ఈ లెక్క గుర్తుంటే చాలు, కొట్టులో లెన్సు చేతికి తీసుకోకముందే మీ ఇంట్లో అది పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది.

మన ఇళ్లలో ముందుగది పది అడుగులు, పన్నెండు అడుగులు. పాపకు పేరు పెడుతున్నారు. అమ్మమ్మ ఒడిలో పాప, పక్కన అమ్మ, మేనమామ, ఇంకో ఇద్దరు పిల్లలు. మీరు వీపు గోడకానించి నిలబడితే వాళ్లకూ మీకూ మధ్య ఎనిమిది అడుగులు మిగిలితే గొప్ప. 50తో మూడున్నర అడుగుల చిల్లర వెడల్పు పడుతుంది, అంటే భుజం భుజం ఆనించుకుని కూర్చున్న ఇద్దరు. మిగతావాళ్లను వదిలేయాలి, లేదంటే గడప దాటి వీధిలోకి పోవాలి. 24తో అందరూ పడతారు, పక్కన వెలిగించిన దీపం కూడా పడుతుంది.

గులాబీ పాలీహౌస్‌లో ఇంకా ఇరుకు. మడుల మధ్య దారిలో ఒక మనిషే నడవగలరు. పూలు కోస్తున్న అక్కకు ఎదురుగా మీరూ ఆ దారిలోనే ఉండాలి. పక్కకు జరిగితే మొక్కలు విరుగుతాయి. అయిదు అడుగుల దూరంలో కెమెరాను నిలువుగా పట్టుకుంటే 24తో తల నుంచి మోకాళ్ల దాకా, చేతిలోని పూలకట్టతో సహా వస్తుంది. రెండు పక్కలా గులాబీ వరసలు కనిపిస్తాయి, అది ఎక్కడి పనో ఫొటోనే చెబుతుంది. 50తో తల నుంచి నడుము దాకానే. ఆ ముఖం బాగుండవచ్చు, కానీ అది ఎక్కడైనా తీయగల ఫొటో. (జనవరి చివర నుంచి ఫిబ్రవరి 14 దాకా పాలీహౌస్‌లకు ఎగుమతుల ఒత్తిడి. ఆ రోజుల్లో యజమాని సరేనన్నా సరే, పని మధ్యకు పోకండి.)

సంతలో సంగతి వేరు. శూలగిరిలో కొత్తిమీర కట్టల దగ్గరైనా, హోసూరు ఉళవర్ సందైలోనైనా జాగాకు లోటు లేదు, కానీ జనం. పన్నెండు అడుగుల అవతల నుంచి 50తో గురి పెడితే మీకూ కూరగాయల అవ్వకూ మధ్య ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు. నాలుగైదు అడుగుల్లోకి పోతే మధ్యలోకి ఎవరూ రారు. అంత దగ్గరికి పోవాలంటే మాట్లాడాలి. మన సంతల్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ నడుస్తాయి, మీకు మూడూ వచ్చు. “అవ్వా, ఒక ఫొటో తీసుకుంటా” అని అడిగి తీసిన ఫొటోలో ఆమె కళ్లు మీవైపు చూస్తాయి. ఊరు కాని ఊళ్లో తిరిగేవాళ్లు దూరంగా ఉండి తీయడంలో న్యాయం ఉంది. సొంత ఊళ్లో, మీ తాత పేరు కూడా తెలిసిన మనుషుల మధ్య ఆ అవసరం లేదు. నేను 24 అనడానికి అసలు కారణం ఇదే.

దగ్గరికి పోతే ముక్కు పెద్దదిగా పడుతుందని చాలామందికి భయం. నిజమే, రెండు అడుగుల్లోకి పోతే అలాగే పడుతుంది. ఆ వంకర లెన్సు తెచ్చింది కాదు, దూరం తెచ్చింది. అదే రెండు అడుగుల నుంచి 50తో తీసినా ముక్కూ చెవుల నిష్పత్తి అంతే ఉంటుంది, చుట్టూ ఉన్నది మాత్రం తెగిపోతుంది. అయిదు అడుగుల దగ్గర ఆగండి. ముఖం చిన్నదనిపిస్తే తర్వాత అంచులు కత్తిరించండి. 24 మెగాపిక్సెల్ ఫొటోను 35 లెన్సు చూపేంత మేరకు కత్తిరిస్తే ఇంకా 11 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఎనిమిది బై పన్నెండు అంగుళాల ప్రింటుకు అది ధారాళం. అయితే గోడ అడ్డొచ్చి ఫ్రేములో పట్టని మేనమామను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

50 గొప్పదని పుస్తకాల్లో చదివినవాళ్లు హెన్రీ కార్టియే బ్రెసాన్ పేరు చెబుతారు. ఆయన పని చాలామటుకు 50తోనే నడిచింది. 1950 ఏప్రిల్‌లో రమణ మహర్షి చివరి రోజుల్లో ఆయన తిరువణ్ణామలైలోనే ఉన్నారు. కృష్ణగిరి నుంచి బస్సెక్కితే పూట గడవకుండా చేరే ఊరు. అక్కడ ఆయన తీసిన ఫొటోలు ఇప్పటికీ చూస్తున్నాం. కానీ ఆయన చేతిలోది లైకా, ఫిల్ము మీద ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఆ 50 చూపును చిన్న సెన్సార్ మీద ఇచ్చేది 35 లెన్సు. మీ కెమెరా మీద 50 పెడితే అది ఫుల్ ఫ్రేమ్‌లో 75, 80 లెన్సుతో సమానం, అంటే పోర్ట్రెయిట్ లెన్సు. ఆయనలా తీయాలని 50 కొంటే మీకు దొరికేది ఆయన చూపు కాదు.

ఫోన్‌తో పోల్చినా ఇదే తేలుతుంది. ఫోన్లలో అసలు కెమెరా ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఇంచుమించు 24 నుంచి 26. ఏళ్ల తరబడి దానితో తీసిన చేతికి చిన్న సెన్సార్ మీది 35 కూడా సగం వెడల్పే చూపిస్తుంది. 50 సంగతి చెప్పక్కర్లేదు.

అయినా నా మాట మీద కొనకండి. మీకు బాగా నచ్చిన ఓ వంద పాత ఫొటోలు తీసి, ఒక్కొక్కటి ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో చూడండి. ఫొటో ఫైల్ వివరాల్లోనే ఉంటుంది. కంప్యూటర్‌లో డిజికామ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే వరసగా పేర్చి చూపిస్తుంది. ఒక జాగ్రత్త: జూమ్ వాడేవాళ్ల లెక్కలు 18 దగ్గరా 55 దగ్గరా పోగుపడతాయి. అది ఇష్టం వల్ల కాదు, తిప్పితే అక్కడ ఆగిపోతుంది కాబట్టి. అందుకని రెండో పరీక్ష కూడా కావాలి. జూమ్ రింగు మీద 24, 35 అని అంకెలు ఉంటాయి. 24 దగ్గర పెట్టి టేపు అంటించి రెండు వారాలు తీయండి, తర్వాత 35 దగ్గర రెండు వారాలు. షిఫ్టు మారే వారం, ఇంట్లో ఏదైనా శుభకార్యం ఉన్న వారం కలిసేలా చూసుకోండి. తీసిన ఫొటోల కంటే తీయలేక వదిలేసినవి ముఖ్యం. వెనక్కి జరగలేక ఎన్ని వదిలేశారు? ముందుకు పోలేక ఎన్ని వదిలేశారు? ఒక చిన్న నోటుబుక్కులో గీతలు పెట్టుకుంటే సరిపోతుంది. ముందుకు పోలేనివే ఎక్కువైతే నా సలహా మీకు వర్తించదు. నిశ్చింతగా 35 కొనుక్కోండి.

50 మొదటి లెన్సు కావాల్సినవాళ్లూ ఉన్నారు. ఆదివారాల్లో డబ్బు తీసుకుని పిల్లల ఫొటోలు, పెళ్లికి ముందు జంటల ఫొటోలు తీసేవాళ్లకు అదే పనిముట్టు. మామిడితోపులో వెనక్కి పోవడానికి కావలసినంత జాగా. నిలువునా ఒక మనిషి పూర్తిగా పట్టాలంటే 50తో పద్నాలుగు అడుగులు వెనక్కి పోవాలి, అక్కడ అది కష్టమే కాదు. ఎఫ్ 1.8 దగ్గర అయిదు అడుగుల నుంచి తీస్తే స్పష్టంగా పడే లోతు ఆరు సెంటీమీటర్లు మాత్రమేనని గుర్తుంచుకోండి. జంటలో ఒకరు అరడుగు వెనక ఉంటే వాళ్ల కళ్లు మసకబారిపోతాయి. ఇద్దరిని తీసేటప్పుడు ఎఫ్ 4కి తెచ్చి, ఇద్దరి ముఖాలూ కెమెరాకు సమాన దూరంలో ఉండేలా నిలబెట్టండి. ఇక పెళ్లిపని మొదటిసారి ఒప్పుకున్నవాళ్లు ప్రైమ్ ఒక్కటే పట్టుకుని పోవద్దు, జూమ్ దగ్గరుండాలి. తాళి కట్టే క్షణంలో మీ ముందుకు పది మంది వస్తారు.

వెలుతురు గురించి ఉన్నమాట చెప్పాలి. 18–55 జూమ్ 50 దగ్గర ఇచ్చేది ఇంచుమించు ఎఫ్ 5.6. అక్కడ 50 ఎఫ్ 1.8 లెన్సు తొమ్మిది పది రెట్లు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. జూమ్‌తో ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట దీనితో 640 చాలు. కెనాన్ 24 మాత్రం ఎఫ్ 2.8, జూమ్ 24 దగ్గర ఇచ్చే దానికి రెండింతలే. రాత్రి షిఫ్టు దిగి టీకొట్టు దగ్గర తీయాలనుకునేవాళ్లకు, అత్తిముగం ఐరావతేశ్వరాలయంలో రాతి స్తంభాల మధ్య సాయంకాలం తీయాలనుకునేవాళ్లకు 35 ఎఫ్ 1.8 వైపు మొగ్గడానికి ఇది గట్టి కారణమే. ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటోలో అడ్డచారలు పడితే షట్టర్ 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఆలయంలో అడిగి తీయండి, గర్భగుడి వైపు కెమెరా ఎత్తకండి. ఫ్యాక్టరీ గేటు లోపల అసలు తీయవద్దు, ఉద్యోగం కంటే ఫొటో ముఖ్యం కాదు. ఎద్దుల పండగకు ఏ చిన్న ప్రైమూ వద్దు, కట్టె కంచె ఇవతల నుంచి పెద్ద జూమ్‌తోనే.

కొనేటప్పుడు బాడీకి సరిపడేది చూసుకోండి. కెనాన్ పాత డీఎస్ఎల్ఆర్‌లకు 24 ఎఫ్ 2.8 ఎస్‌టీఎం ఉంది, బరువు 125 గ్రాములు, ప్యాంటు జేబులో పడుతుంది. నికాన్ డీ3000, డీ5000 వరస బాడీలలో ఫోకస్ మోటారు ఉండదు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే 50 ఎఫ్ 1.8డి లెన్సు వాటి మీద దానంతటది ఫోకస్ చేయదు, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే కొనాలి. ఆ బాడీలకు చవకైన 24 లేదు, 2009లో వచ్చిన డీఎక్స్ 35 ఎఫ్ 1.8జీ తీసుకోండి, అది మంచి లెన్సు. నికాన్ జెడ్ వరస చిన్న సెన్సార్ బాడీలకు 2023లో 24 ఎఫ్ 1.7 వచ్చింది. నా మాట ప్రకారం చూస్తే అందరికంటే అదృష్టవంతులు వాళ్లే.

సెకండ్‌హ్యాండ్ లెన్సు కోసం బెంగళూరు పోతే బాడీ వెంట తీసుకుపోండి. ఫోన్ టార్చి లెన్సు వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సాలెపోగుల్లా తెల్లని దారాలు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. రెండు మూడు దుమ్ము చుక్కలు మాత్రం ఫొటోలో కనిపించవు. తెల్లగోడ మీది అక్షరాల మీద ఫోకస్ చేసి, ఫొటోను పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. బెంగళూరులో లెన్సులు రోజుల లెక్కన అద్దెకిచ్చే దుకాణాలూ ఉన్నాయి. శని, ఆదివారాలకు అద్దెకు తెచ్చి ముందుగదిలో ఒకసారి, తోటలో ఒకసారి తీసి చూడటం కొనడం కంటే ఎన్నో రెట్లు చవక.

కొన్నాక జూమ్‌ను బీరువాలో పెట్టి, ఉగాది నుంచి మామిడికాయ కోతలు అయ్యేదాకా ఆ ఒక్క లెన్సే కెమెరాకు ఉంచండి. కళ్లు అంచనా నేర్చుకోవడానికి ఆ మాత్రం కాలం పడుతుంది. కెమెరా ఎత్తకముందే ఎక్కడ నిలబడాలో కాళ్లకు తెలిసిపోతుంది. ఆ తర్వాత కూడా రెండోది కావాలనిపిస్తే, మొదటిదానికి రెట్టింపు, అంతకు కాస్త పైన చూడండి. 24 ఉన్నవాళ్లు 50, 35 ఉన్నవాళ్లు 85. 24 పక్కన 35 పెట్టుకుంటే రెండింటి మధ్య తేడా నాలుగు అడుగులు నడిస్తే తీరిపోతుంది.