సాఫ్ట్‌వేరు పనిలో అప్రెంటీసు నేర్చుకొను విద్య

వృత్తివిద్యలన్నియు రెండు విధముల అలవడును. కొంత భాగము గ్రంథములవలన తెలియును. కొంత భాగము పనిచేయు పెద్దల చెంత నుండి, తన చేతులతో చేసిననే గాని తెలియదు. మన గ్రామములలో కమ్మరి కుమారుడు మొదట కొలిమితిత్తి నూదును. పిమ్మట కాలిన యినుమును పట్టకారుతో పట్టుకొని నిలుచును. ఎన్నియో దినములు గడచిన పిదపగాని సుత్తెను స్వతంత్రముగా ఎత్తడు. ఇంగ్లండు దేశమున 1563వ సంవత్సరపు శాసనము ననుసరించి, చేతిపని నేర్వగోరువాడు కనీసము 7 సంవత్సరములు యజమానియొద్ద శిష్యుడుగా నుండవలసి యుండెను. అట్టివానికే అప్రెంటీసు అని పేరు. ఈ ప్రాత పద్ధతి నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు సాఫ్ట్‌వేరు వృత్తియందును వాడుకలో నున్నది. మన బాలబాలికలలో అనేకులు ఆ వృత్తిని కోరుచున్నారు. తలిదండ్రులును దానిని గూర్చి తఱచుగా ప్రశ్నించుచున్నారు. కావున ఆ శిష్యరికమున నేర్పబడునది యేమో ఈ వ్యాసమున వివరించెదను.

“ప్రోగ్రాములు వ్రాయుట నేర్పుదురు” అని చెప్పిన చాలదు. కంప్యూటరు భాష యొకదానిని శ్రద్ధగల విద్యార్థి పుస్తకము చూచి యింటియొద్దనే నేర్వవచ్చును. ఇంటియొద్ద నేర్వరానిది మఱొకటి కలదు. అది యేమనగా, అనేకులు కలసి, ఏండ్ల తరబడి నిలువవలసిన పనిని, ఒకరి తప్పు నొకరు పట్టుచు, మనసు నొచ్చుకొనక చేయుట. 1968వ సంవత్సరము అక్టోబరు నెలలో జర్మనీ దేశమందలి గార్మిష్‌లో జరిగిన యొక సభకు “సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు” అని పేరు పెట్టిరి. వంతెన కట్టువానికి ఎట్టి జవాబుదారీ కలదో, ప్రోగ్రాము వ్రాయువానికిని అట్టిదే యుండవలెనన్న భావము ఆ పేరులో నిమిడియున్నది. అప్రెంటీసు నేర్చుకొనవలసినది ముఖ్యముగా ఈ జవాబుదారీయే.

1. చదువుట

క్రొత్తగా చేరిన అప్రెంటీసు తొలిదినముననే గొప్ప ప్రోగ్రామును వ్రాయుదునని తలచును. కాని యతనికి మొదట అప్పగింపబడు పని చదువుట. సంస్థలో నున్న ప్రోగ్రాము లక్షలకొలది పంక్తులు గలదై యుండవచ్చును. దానిని వ్రాసినవారిలో కొందఱు ఆ సంస్థను విడిచిపోయియుందురు. ఏ భాగము దేనితో సంబంధించియున్నదో, ఏ పంక్తి యెందులకు చేర్చబడినదో తెలిసికొనుటకే తొలివారములు వ్యయమగును.

ఇందుకు సాధనముగా “గిట్” అను పరికరము కలదు. లినస్ టోర్వాల్డ్స్ అను నతడు 2005వ సంవత్సరమున దీనిని నిర్మించెను. ప్రోగ్రామునందు జరిగిన ప్రతి మార్పును ఎవరు చేసిరో, ఎప్పుడు చేసిరో, ఏ కారణమున చేసిరో ఇది భద్రపఱచును. మార్పు చేసినవాడు కారణమును రెండు మూడు వాక్యములలో వ్రాసి జతపఱుపవలెను. దీనిలో “బ్లేమ్”, అనగా నింద, అను పేరుగల ఆజ్ఞ యొకటి కలదు. అది ఏ పంక్తి నెవరు మార్చిరో చూపును. పేరు కఠినమైనను, మంచి సంస్థలలో దానిని నిందించుటకు గాక, ఎవరిని అడుగవలెనో తెలిసికొనుటకు ఉపయోగింతురు. “సరిచేసితిని” అని మాత్రము వ్రాసి విడిచినవాని మార్పు ఐదేండ్ల పిదప చదువువానికి అంధకారమే. కనుక స్పష్టమైన వాక్యము వ్రాయనేర్చినవానికి ఈ వృత్తియందు గౌరవము కలదు.

2. చిన్న మార్పు

పిమ్మట అప్రెంటీసునకు చిన్న పని యొకటి యిత్తురు. మీ గణితమునకు అందునట్టి యుదాహరణము చెప్పెదను. ఒక సంవత్సరమున ఫిబ్రవరి నెలకు 29 దినములు కలవో లేవో చెప్పు ప్రోగ్రామును వ్రాయవలెననుకొనుడు. అప్రెంటీసు “4చే నిశ్శేషముగా భాగింపబడిన కలవు” అని వ్రాయును. 2023 ఇచ్చి చూచును, లేవని వచ్చును. 2024 ఇచ్చి చూచును, కలవని వచ్చును. రెండును ఒప్పే. పని ముగిసినదని సంతోషించును.

అప్పుడు మెంటరు, అనగా పని నేర్పు పెద్ద, “1900 ఇచ్చి చూడుము” అనును. ప్రోగ్రాము కలవని చెప్పును, అది తప్పు. 1582వ సంవత్సరమున ఏర్పడిన గ్రెగొరీ పంచాంగము ననుసరించి, నూటితో ముగియు సంవత్సరములు 400చే భాగింపబడిననే గాని అధికదిన సంవత్సరములు కావు. కావున 1900కు 28 దినములే, 2000కు 29, 2100కు మరల 28.

ఇచ్చట నొక చిత్రమును గమనింపుడు. 4ను గూర్చిన సూత్రమొకటే తెలిసినవాని ప్రోగ్రాము 2000 విషయమున ఒప్పు చెప్పును. నూటిని గూర్చి విని, 400ను గూర్చి విననివాడు మొదటివానికంటె ఎక్కువ తెలిసినవాడైనను, అతని ప్రోగ్రాము 2000 విషయమున తప్పు చెప్పును. కాబట్టి జవాబు సరిపోయినంతమాత్రమున పద్ధతి సరియైనదని నమ్మరాదు. తప్పు దాగియుండుటకు వీలగు చోట్లను వెదకి, అచ్చటనే పరీక్షింపవలెను. దీనినే టెస్టు వ్రాయుట యందురు. ఈ టెస్టులు ప్రోగ్రాముతోపాటు భద్రపఱుపబడి, ఎవరే మార్పు చేసినను మరల మరల నడచుచుండును.

3. ప్రాత తప్పును తాకకముందు

ఈ 1900కే సంబంధించిన కథ మఱొకటి కలదు. 1983వ సంవత్సరమున వెలువడిన “లోటస్ 1-2-3” అను లెక్కల పట్టిక ప్రోగ్రాము 1900ను అధికదిన సంవత్సరముగా నెంచెను. తరువాత వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి “ఎక్సెల్”, లోటసు పట్టికలు తనయందు సరిగా నడచుటకై, తెలిసియే ఆ తప్పును నిలుపుకొనెను. నేటికిని ఎక్సెల్ నందు 1900 ఫిబ్రవరి 29 అను లేని దినమునకు 60 అను సంఖ్య కలదు. దానిని దిద్దినచో, లోకములోని అసంఖ్యాకములైన పట్టికలలోని తేదీలు ఒక్కొక్క దినము జరిగిపోవును.

అప్రెంటీసు ప్రాత కోడులో తప్పువలె కనబడినదానిని చూచి వెంటనే చెఱిపివేయగోరును. పెద్దవారు “ఇది యిట్లేల యున్నదో మొదట కనుగొనుము” అందురు. కొన్ని నిజముగా తప్పులే, వానిని దిద్దవలెను. కొన్నిటిపై ఇతరుల పని యాధారపడియుండును. ఈ రెంటికిని గల భేదమును గుర్తించుట పుస్తకమువలన రాదు.

4. విమర్శకు నిలుచుట

అప్రెంటీసు చేసిన మార్పు తిన్నగా ప్రజల వాడుకలోనికి పోదు. మఱొక ఇంజనీరు దానిని పంక్తి పంక్తిగా చదివి, సందేహములను వ్రాయును. దీనికి “కోడ్ రివ్యూ” అని పేరు. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన మైకేల్ ఫేగన్ ఇట్టి పరిశీలనమునకు ఒక క్రమపద్ధతి నేర్పరచి, 1976వ సంవత్సరమున ప్రకటించెను. ఇది క్రొత్తవారికి మాత్రమే యని యెంచకుడు. మంచి సంస్థలలో మిక్కిలి అనుభవము గలవారి కోడును సయితము మఱొకరు చూచుచుందురు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము “క్రిటిసిజం లెసన్” చెప్పుచుండెడివారము. తరగతి వెనుక మా ఆచార్యులును సహాధ్యాయులును కూర్చుండి, పాఠము ముగియగనే గుణదోషములను చర్చించుచుండిరి. ఆ విమర్శ పాఠమును గూర్చినది. మనిషిని గూర్చినది కాదు. కోడ్ రివ్యూయు అట్టిదే. “ఈ పంక్తి ఏల?” అని అడిగినవాడు నీ శత్రువు కాడు. ముప్పది వ్యాఖ్యలు వ్రాయబడిన మార్పును చూచి కన్నీరు పెట్టుకొను అప్రెంటీసులు కలరు. ఆ ముప్పదిటిని ఒక్కొక్కటిగా చదివి, కొన్నిటిని అంగీకరించి, కొన్నిటికి వినయముతో ప్రత్యుత్తరము చెప్పనేర్చినవాడే ఆ వృత్తియందు నిలుచును.

5. ఇంత జాగ్రత్త ఏల?

1996వ సంవత్సరము జూను 4వ తేదీన ఫ్రెంచి గయానా నుండి ఏరియాన్-5 అను రాకెట్టు మొదటిసారి ఎగిరెను. 40 సెకండ్లైనను కాకమునుపే అది దారి తప్పి, ఆకాశముననే పగిలిపోయెను. అందు మనుష్యు లెవరును లేరు. కాని నాలుగు శాస్త్రీయ ఉపగ్రహములు నశించెను. విచారణలో కారణము బయలుపడెను. ఏరియాన్-4 కొఱకు వ్రాయబడి, అందు చక్కగా పనిచేసిన ప్రోగ్రాములోని భాగమును క్రొత్త రాకెట్టునందును వాడిరి. 32,767కు మించిన సంఖ్యను పట్టలేని స్థానమున, అంతకంటె పెద్ద సంఖ్యను ఉంచవలసివచ్చెను. ఒకటి చెడినచో పనికివచ్చుటకై రెండు యంత్రము లుంచిరి గాని, రెంటియందును ఒకే ప్రోగ్రాము ఉండుటచే రెండును ఒకే విధముగా నిలిచిపోయెను. పైగా ఆ లెక్కతో, రాకెట్టు నేల విడిచిన పిదప, ఏ ప్రయోజనమును లేదు.

నేడు రైలు టిక్కెట్లు, బ్యాంకు లెక్కలు, ఆసుపత్రి యంత్రములు, మీ పరీక్షల మార్కులు అన్నియు ప్రోగ్రాములవలననే నడచుచున్నవి. ఒక పంక్తిలోని తప్పు ఎవని బ్రతుకుపై పడునో వ్రాసినవానికి కనబడదు. కనుకనే పదుగురి కన్నులు అవసరము.

6. యంత్రమే వ్రాయునప్పుడు

ఇటీవల కృత్రిమ మేధ పనిముట్లు అడిగిన వెంటనే కోడు వ్రాసి యిచ్చుచున్నవి. పూర్వము అప్రెంటీసునకు అప్పగించు చిన్నపనులలో కొన్నిటిని అవియే చేయుచున్నవి. “ఇక శిష్యరికమునకు చోటెక్కడ?” అని కొందఱు శంకించుచున్నారు. ఆ శంక నిరాధారము కాదు. కాని యంత్రము వ్రాసినది ఒప్పో తప్పో పరీక్షించి, దానికి పూచీపడు మనిషి యుండవలెను గదా! 1900ను గూర్చి అడుగవలెనని తోచిన మెంటరు కూడ ఒకనాడు అప్రెంటీసే. అప్రెంటీసులను చేర్చుకొనుట మానినచో, పదేండ్ల పిదప మెంటరులు ఎక్కడనుండి వచ్చెదరు? ఇది సంస్థలు ఆలోచింపవలసిన విషయము. విద్యార్థు లాలోచింపవలసినది మఱొకటి కలదు: తనకు బోధపడని కోడును తన పేరుతో అప్పగించినవాడు, “ఇది ఏల?” అని అడిగినప్పుడు మౌనముగా నిలువవలసివచ్చును.

7. తలిదండ్రులకు

మన దేశమున 1961వ సంవత్సరపు అప్రెంటీసుల చట్టము కలదు. దాని ననుసరించి చేరు అప్రెంటీసునకు వ్రాతపూర్వకమైన ఒడంబడిక యుండవలెను. శిక్షణకాలమున అతనికి భృతి ముట్టవలెను. కావున శిష్యరికము పేరిట ముందుగా పెద్ద మొత్తములు కట్టుమనువారియెడల జాగరూకులై యుండుడు. శిక్షణ ముగిసినవారిని నియమించుకొనుటకు ప్రతి యజమానియు తన విధానమును తానే యేర్పరచుకొనవలెనని 2014 నాటి సవరణ చెప్పుచున్నది. అనగా ఉద్యోగము తప్పక దొరకునని భావింపరాదు. శిష్యరికము కళాశాల చదువునకు విరోధి యనియు తలపకుడు. ఇంగ్లండులో 2015 నుండి డిగ్రీయు శిష్యరికమును కలిపి నడపుచున్నారు. మన విశ్వవిద్యాలయ నిధుల సంఘమును 2020లో డిగ్రీతో శిష్యరికమును చేర్చుటకు మార్గదర్శకములను వెలువరించినది.

విద్యార్థులారా! ఈ వృత్తికి తగిన అలవాట్లు ఈ పాఠశాలలోనే మొదలిడవచ్చును. లెక్క ముగిసిన పిదప జవాబును మఱొక మార్గమున సరిచూచుకొనుడు. మీ వ్యాసమును స్నేహితునిచేత చదివించి, అతడు చూపిన దోషమునకు కృతజ్ఞత తెలుపుడు. తెలియనిదానిని తెలియదని చెప్పి అడుగుడు. కొంతసేపు స్వయముగా ప్రయత్నించి, ఏమేమి చేసి చూచితిరో చెప్పి అడిగిన ప్రశ్నను ఏ పెద్దయు విసుగుకొనడు.

అభ్యాసము

(1) 1600, 1700, 2023, 2400: వీనిలో ఏ సంవత్సరములయందు ఫిబ్రవరికి 29 దినములు కలవు?
(2) 35 మార్కులు వచ్చినవారు ఉత్తీర్ణులని చెప్పు ప్రోగ్రామును పరీక్షించుటకు ఏయే సంఖ్యలను ఎన్నుకొందురు? కారణము వ్రాయుడు.
(3) ఏరియాన్-5 నందు రెండవ యంత్రము మొదటిదానిని ఏల కాపాడలేకపోయెను?